ఫరో మోకాలియొద్ద నిలిచిన బిడ్డ

వాక్యభాగములు: నిర్గమకాండము 1:15 – 2:10, మార్కు సువార్త 9:33–37



కపెర్నహూమునకు పోవు త్రోవలో శిష్యులు ఒక సంగతినిగూర్చి గట్టిగా వాదించుకొనిరి. ఇల్లు చేరిన తరువాత ప్రభువు, దారిలో మీ వాదము దేనినిగూర్చియని వారినడిగెను. ఒక్కరును నోరు మెదపలేదు. తమలో గొప్పవాడెవడో తేల్చుకొనుటకే వారు అంత దూరము వాదించుకొనిరి. ఆ సంగతి ప్రభువు ముఖము చూచి చెప్పుటకు వారికి సిగ్గు కలిగెను. అప్పుడు ప్రభువు చేసినదేమి? ఒక చిన్నబిడ్డను పిలిచి, పెద్దలందరి నడుమ నిలిపి, ఆ తరువాత ఆ బిడ్డను తన చేతులలోనికి ఎత్తుకొనెను.

గొప్పవాడెవడను ప్రశ్న శిష్యులతో పుట్టినది కాదు. వారికి మూడువేల ఏండ్ల ముందే ఐగుప్తు దేశము ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ జవాబును ఎవరును చెరపకుండునట్లు రాతిలో చెక్కి పెట్టినది. ఇశ్రాయేలీయులు ఇటుకలు చేసిన దేశమది. మోషే పెరిగిన దేశమది. కావున ఈ నెల మనము ఆ రాతి జవాబును కొంచెము ఓపికతో చూచి, దాని ప్రక్కను ప్రభువు ఇచ్చిన జవాబును పెట్టి చూతము.

రాతిలోని కొలత

ఐగుప్తులో దొరికిన మిక్కిలి ప్రాచీనమైన రాజచిత్రములలో ఒకటి నార్మెర్ రాజుయొక్క రాతిపలక. అది క్రీ.పూ. 3100 ప్రాంతమునకు చెందినది. ఎత్తు రెండడుగులకు కొంచెము ఎక్కువ. దానిమీద రాజు గద యెత్తి, మోకరించిన శత్రువుయొక్క జుట్టు పట్టుకొని యున్నాడు. అతని వెనుక అతని చెప్పులు మోయు సేవకుడు నిలిచియున్నాడు. ఆ సేవకుని తల రాజు నడుమువరకైనను రాదు. అతడు బాలుడు కాడు, మరుగుజ్జు కాడు. అతడు సేవకుడు, అంతే. రాజు గొప్పవాడు గనుక పెద్దవాడు. సేవకుడు అల్పుడు గనుక చిన్నవాడు.

ఇది ఆ శిల్పుల తెలివితక్కువతనమని తలంచకుడి. కొలతలు వారికి తెలిసినంత బాగుగా ఆ కాలమున మరెవరికి తెలియును? గోడమీద బొమ్మ గీయుటకు ముందు ఎఱ్ఱరంగులో ముంచిన దారముతో గళ్లు వేసికొనెడివారు. నిలిచియున్న మనుష్యునికి అరికాలినుండి నుదుటిమీది వెండ్రుకల అంచువరకు 18 గళ్లు. మోకాలు ఎన్నవ గడిలో రావలెనో, భుజము ఎన్నవ గడిలో రావలెనో వారికి కట్టుబాటు కలదు. ముఖము ప్రక్కనుండి చూపుదురు, కన్ను ఎదుటనుండి చూపుదురు. భుజములు ఎదుటికి, కాళ్లు ప్రక్కకు. పురుషునికి ఎఱ్ఱమట్టి వన్నె, స్త్రీకి పసుపు వన్నె. చిన్నబిడ్డయైతే బట్టలేకుండ, తలకు ఒక ప్రక్కను వ్రేలాడు జడతో, నోటియొద్ద వ్రేలు పెట్టుకొని యుండును.

ఇంత కొలత తెలిసినవారు ఒక మనుష్యుని పెద్దగాను మరియొకని చిన్నగాను చెక్కిరనగా, తెలిసియే చెక్కిరి. మనుష్యునికి కొలత దేహము కాదు, పదవి. ఇదియే వారి నియమము.

ఆ నియమము పరాకాష్ఠకు వచ్చిన స్థలము అబూ సింబెల్. క్రీ.పూ. 13వ శతాబ్దమున రెండవ రామ్సెస్ రాజు నైలునది ఒడ్డున కొండను తొలిపించి దేవాలయము చేయించెను. దాని ముఖద్వారమున తన విగ్రహములే నాలుగు చెక్కించెను. కూర్చుండియున్న ఒక్కొక్క విగ్రహము సుమారు 20 మీటర్ల ఎత్తు. ఆ పాదములయొద్దను, కాళ్ల నడుమను చిన్న చిన్న బొమ్మలు నిలిచియున్నవి. అవి ఎవరివి? ఒకటి అతని భార్యది. ఒకటి అతని కన్నతల్లిది. తక్కినవి అతని కుమారులవి, కుమార్తెలవి. వారిలో ఒక్కరి తలయైనను రాజు మోకాలు దాటదు.

కన్నతల్లి కుమారుని మోకాలియొద్ద! తన చేతులతో ఎత్తి పెంచిన తల్లిని రాతిలో అంత చిన్నదానిగా చెక్కించిన కుమారుని హృదయము ఎట్టిదో ఆలోచించుడి. అయితే ఆ దేశమున అది అవమానముగా ఎంచబడలేదు. రాజు కాళ్లయొద్ద స్థలము దొరకుటయే వారికి గౌరవము. మనుష్యులు ఒక అబద్ధములో చాలకాలము బ్రదికినయెడల, అది వారికి గౌరవముగానే కనబడును.

కౌగిలి కూడ కలదు

అయినను న్యాయముగా మాటలాడుదము. ఐగుప్తువారు ప్రేమ నెరుగనివారని చెప్పుట తప్పు. సుమారు 4500 ఏండ్ల క్రిందటి మెన్‌కౌరే రాజుయొక్క విగ్రహమొకటి 1910లో గీజాలో దొరికెను. అందులో రాణి రాజు ప్రక్కనే, దాదాపు అతనంత ఎత్తున నిలిచి, ఒక చేయి అతని నడుముచుట్టు వేసి, రెండవ చేయి అతని బాహువుమీద ఉంచియున్నది. అబూ సింబెల్‌లోనే నెఫెర్తారి రాణికొరకు తొలిచిన చిన్న దేవాలయమున ఆమె విగ్రహములు రెండు రాజు విగ్రహములంత ఎత్తుననే యున్నవి. భార్యను తనతో సమానముగా నిలుపవలెనని ఆ రాజునకు ఒక్కచోటనైనను తోచెను. అయితే అక్కడను బిడ్డలు మాత్రము క్రిందనే యున్నారు.

అన్నిటికంటె మృదువైన చిత్రము అఖెనాతెన్ రాజుది. అతడు క్రీ.పూ. 14వ శతాబ్దమున 17 సంవత్సరములు ఏలెను. పూర్వపు దేవతలను ప్రక్కకు నెట్టి, సూర్యబింబమునే పూజింపవలెనని ఆజ్ఞాపించెను. ఇప్పుడు బెర్లిను నగరమందున్న ఒక చిన్న రాతిపలకమీద ఆ రాజు, నెఫెర్తీతి రాణి ఎదురెదురుగా కూర్చుండియున్నారు. రాజు పెద్దకుమార్తెను రెండు చేతులతో ఎత్తి ముద్దుపెట్టుకొనుచున్నాడు. రెండవ కుమార్తె తల్లి ఒడిలో కూర్చుండి తండ్రివైపు చేయి చూపుచున్నది. మిక్కిలి చిన్నది తల్లి భుజముమీదికి ప్రాకి, ఆమె కిరీటమునుండి వ్రేలాడు నగతో ఆడుకొనుచున్నది. ఏ తండ్రియైనను, ఏ తల్లియైనను ఆ పలకను చూచినయెడల, ఇది మా యింటిలోను జరుగునదే యనును.

అయితే పైకి చూడుడి. వారిమీద సూర్యబింబము కలదు. దాని కిరణములలో ఒక్కొక్కదాని చివర ఒక చేయి కలదు. ఆ చేతులలో కొన్ని జీవమునకు గురుతైన చిహ్నమును పట్టుకొని చాచియున్నవి. ఎవరి ముఖమునకు? రాజు ముఖమునకును రాణి ముఖమునకును మాత్రమే. బిడ్డలకు లేదు. ప్రజలకు ముందే లేదు. ఇట్టి పలకలను ఆ పట్టణపు పెద్దల యిండ్లలో పూజకొరకు ఉంచుకొనిరి. తమ బిడ్డను ఎత్తుకొనవలసిన యింటివారు, రాజు తన బిడ్డను ఎత్తుకొన్న బొమ్మకు మ్రొక్కిరి.

రాయి చెప్పనిది

ప్రియులారా, ఐగుప్తు శిల్పికి ఒక పేరు కలదు. బ్రదికించువాడు అని దాని అర్థము. అతడు చెక్కిన బొమ్మయందు మనుష్యుడు చావు తరువాతను బ్రదుకునని వారి నమ్మకము. కావుననే రాజును ఎల్లప్పుడు యౌవనుడుగాను, బలవంతుడుగాను, జయించినవాడుగాను చెక్కిరి. ముసలితనము, రోగము, ఓటమి రాతిలోనికి సాధారణముగా రానీయలేదు. ఇప్పుడు ఆ బొమ్మల వెనుకనున్న యిండ్లలో ఏమి జరిగెనో చూతము.

కుమార్తెలను ముద్దాడిన ఆ రాజు ఇంటికి మరణము వచ్చెను. తల్లి ఒడిలో కూర్చున్న రెండవ కుమార్తె మెకెతాతెన్ చిన్నతనముననే చనిపోయెను. అఖెనాతెన్ సమాధిగృహపు గోడమీద, మృతిపొందిన బిడ్డయెదుట రాజును రాణియు చేతులు తలలకెత్తి దుఃఖించుచున్న చిత్రము కలదు. మూడువేల ఏండ్ల ఐగుప్తు శిల్పములో రాజు ఏడ్చుట బహు అరుదు. ఆ చిత్రములోను పైన సూర్యుడు ఉన్నాడు, కిరణములు ఉన్నవి, చేతులు ఉన్నవి. ఆ చేతులు బిడ్డను లేపలేదు.

తల్లి భుజముమీద ఆడుకొన్న మూడవ కుమార్తె సంగతి ఏమి? ఆమె పెరిగి పెద్దదై తుతంఖామెన్ అను బాలరాజునకు భార్యయయ్యెను. 1922లో హోవర్డ్ కార్టర్ ఆ రాజు సమాధిని కనుగొన్నప్పుడు బంగారు సింహాసనమొకటి దొరికెను. దాని వెనుకభాగమున రాజు విశ్రాంతిగా కూర్చుండగా, ఆ చిన్న రాణి ముందుకు వంగి అతని భుజమునకు పరిమళ తైలము పూయుచున్నది. మరియొక పెట్టెమీద ఆ రాజే రథమునెక్కి, విల్లు వంచి, శత్రువులను గుంపులు గుంపులుగా కూల్చుచున్నాడు.

అయితే అదే సమాధిలో సుమారు 130 చేతికఱ్ఱలును దొరికెను. ఆ దేహమును పరీక్షించిన పరిశోధకులు, అతని యెడమ పాదమున లోపముండెననియు, మలేరియా క్రిములు అతనిని పట్టియుండెననియు 2010లో ప్రకటించిరి. సుమారు పందొమ్మిదవ యేట అతడు చనిపోయెను. ఇంకను ఒక సంగతి కలదు. ఆ బంగారు రాశుల నడుమ ఒక సాదా పెట్టెలో రెండు చిన్న శవపేటికలు ఉండెను. వాటిలో నెలలు నిండక ముందే పోయిన ఇద్దరు ఆడశిశువులు ఉండిరి. వారు ఆ రాజదంపతుల బిడ్డలేయని పరీక్షలు సూచించుచున్నవి. పేటికలమీద ఆ శిశువులకు సొంతపేరు వ్రాయబడలేదు. రథముమీద సింహమువలె గర్జించినట్లు చిత్రింపబడిన రాజు, తన యింటిలో పేరు పెట్టుటకైనను మిగులని ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న యౌవనస్థుడు. మనలో అట్టి తండ్రులు, అట్టి తల్లులు లేరా? వారి దుఃఖము ఎట్టిదో మీకు తెలియును. ఐగుప్తు కళ అంతటికి ఆ దుఃఖము చెప్పుటకు ఒక్క బొమ్మ దొరకలేదు.

ఇక రెండవ రామ్సెస్. అతడు 66 సంవత్సరములు ఏలెను. అతనికి నూరుమందివరకు సంతానము. కుమారులను వయస్సు క్రమమున వరుసగా నిలిపి, ఊరేగింపువలె దేవాలయముల గోడలమీద చెక్కించెను. ఆ వరుసలో ముందు నిలిచిన పెద్దకుమారుడు తండ్రికంటె ముందే చనిపోయెను. తరువాత నిలిచినవారును ఒకరివెనుక ఒకరు పోయిరి. తుదకు 13వ కుమారుడైన మెర్నెప్తా సింహాసనమెక్కెను. రాజుల లోయలో ఆ కుమారులకొరకు తొలచిన సమాధి యొకటి కలదు. 1995 నుండి జరిగిన త్రవ్వకములలో దానియందు నూరింటికంటె ఎక్కువ గదులు బయటపడెను. గోడమీద ఊరేగింపుగా నిలిపిన కుమారులను తండ్రి ఒక్కొక్కరిగా గోతిలోనికి పంపెను.

ఆ రాజు దేహము 1881లో బయటపడిన రాజదేహములలో దొరికెను. కీళ్లనొప్పులతో వంగినవాడు, దంతములు పుచ్చి బాధపడినవాడు ఆ ముసలి రాజు. అబూ సింబెల్ విగ్రహములలో ఒకటి ప్రాచీనకాలముననే భూకంపమున విరిగి, తలయు ఎదయు నేలబడినవి. అస్వాను ఆనకట్ట కట్టినప్పుడు నీరు ఆ దేవాలయమును ముంచునట్లుండగా, 1964 నుండి 1968 వరకు అనేక దేశములవారు కలిసి ఆ కొండను ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్లు పైకి చేర్చి మరల అతికిరి. పడిపోయిన ఆ తలను పడిన రీతిగానే క్రొత్త స్థలమునను ఉంచిరి. ఇరువది మీటర్ల ఎత్తున కూర్చున్న రాజు నీటిముప్పు వచ్చినప్పుడు తానై లేచి నడువలేదు. పనివాండ్రు అతనిని మోయవలసివచ్చెను.

దేవుని వాక్యము గీచిన చిత్రము

ఇప్పుడు నిర్గమకాండము తెరువుడి. ఆ పుస్తకము కూడ ఐగుప్తు రాజును అతని యింటివారిని చిత్రించుచున్నది. అయితే దాని కొలతలు వేరు.

మొదటిది, పేరు. ఐగుప్తు రాజులు తమ పేరును గుండ్రని గీతలో పెట్టి ప్రతి గోడమీదను, ప్రతి స్తంభముమీదను చెక్కించిరి. తమ పేరు నిలుచుటకు పూర్వికుల పేరు చెరిపించినవారును ఉన్నారు. అయితే నిర్గమకాండములోని మొదటి అధ్యాయములు చదువుడి. ఆ రాజు ఫరో మాత్రమే. అతని సొంతపేరు ఎక్కడను లేదు. ఆ అధ్యాయములోనే ఇద్దరు మంత్రసానుల పేర్లు ఉన్నవి: షిఫ్రా, పూయా. రాజాజ్ఞ మీరి మగబిడ్డలను బ్రదుకనిచ్చిన స్త్రీలు వారు. ఏ శిల్పియు వారిని రాజు చెప్పులు మోయువాని ప్రక్కనైనను నిలుపడు. దేవుని ఆత్మ వారి పేర్లను వ్రాయించి, వారిని చంపుమన్న రాజు పేరును విడిచిపెట్టెను. బ్రదికించువాడను బిరుదు నిజముగా ఎవరికి చెల్లునో ఇప్పుడు చెప్పుడి: రాతిని చెక్కినవానికా, బిడ్డను కాపాడిన మంత్రసానికా?

రెండవది, రాజకుటుంబము. ఫరో ఇంటివారిలో ఒక్కరినే ఆ గ్రంథము ప్రేమతో చిత్రించినది. ఆమె ఫరో కుమార్తె. ఆమె కిరీటము ఎట్టిదో, నగలు ఎట్టివో, తండ్రి సింహాసనమునకు ఎంత దూరమున నిలిచెనో మనకు చెప్పబడలేదు. చెప్పబడినది ఒక్కటే. ఆమె ఏటియొద్దకు దిగివచ్చెను, జమ్ముపెట్టె తెరచెను, లోపలి బిడ్డ ఏడ్చుట చూచెను, ఆమె మనస్సు కరిగెను. తండ్రి చంపుమన్న జాతి బిడ్డయని తెలిసియు ఎత్తుకొనెను. అబూ సింబెల్ కొలత ప్రకారము ఆమె తండ్రి మోకాలియొద్ద నిలువవలసిన చిన్న బొమ్మ. దేవుని కొలత ప్రకారము ఆ యింటిలో నిలువెత్తు మనిషి ఆమెయే.

మూడవది, ఆ బిడ్డ. మోషే పెరిగి పెద్దవాడైనప్పుడు ఫరో కుమార్తెయొక్క కుమారుడనిపించుకొనుటకు ఒప్పుకొనలేదని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము చెప్పుచున్నది. ఆమె ప్రేమను త్రోసివేసెనని కాదు. ఆ రాజచిత్రములో తనకొరకు ఉంచబడిన స్థలమును విడిచి, ఇటుకలు మోయు జనులతోకూడ నిలిచెను. రాజు గోడమీద అతని బొమ్మ లేదు. అయినను అతని పేరు ఎరుగని క్రైస్తవ గృహము లోకమున లేదు.

రాతిమాట నిలువదనుటకు ఒక్క సాక్ష్యము చాలును. మెర్నెప్తా రాజు క్రీ.పూ. 1208 ప్రాంతమున చెక్కించిన జయశిలలో ఇశ్రాయేలు జనము పూర్తిగా నశించెనని గొప్పలు చెప్పించెను. ఆ శిల 1896లో దొరికెను. ఇశ్రాయేలు అను పేరున్న లేఖనములను నేటికిని మనము ప్రతి ఆదివారము చదువుచున్నాము. మెర్నెప్తా పేరు మనలో ఎందరు విన్నారు?

ఐగుప్తునకు వచ్చిన మరియొక కుటుంబము

సహోదరులారా, ఐగుప్తు దేశమునకు ఒక రాత్రి మరియొక రాజకుటుంబము వచ్చెను. మత్తయి సువార్త రెండవ అధ్యాయము చూడుడి. హేరోదు బిడ్డను చంపవెదకగా, యోసేపు లేచి తల్లిని బిడ్డను వెంటబెట్టుకొని చీకటిలోనే ఐగుప్తునకు బయలుదేరెను. వడ్రంగి, అతని భార్య, ఆమె చేతిలో పసిబిడ్డ. ఆ దేశమున అప్పటికే మూడువేల ఏండ్ల రాజవిగ్రహములు నిలిచియున్నవి. ఏ శిల్పియు వచ్చి వీరి కొలతలు తీసికొనలేదు. రాజుల రాజు ఆ దేశమున పరదేశి బిడ్డగా బ్రదికెను.

అదృశ్యుడైన దేవునికి ఆయనయే స్వరూపమని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది. దేవుడు తన ప్రతిమను రాతిలో చెక్కించలేదు. తన కుమారుని పంపెను. ఆ కుమారుడు తన గొప్పతనమును గట్టిగా పట్టుకొనక, తన్ను తాను తగ్గించుకొని, దాసుడై, సిలువమరణముదాక దిగివచ్చెనని ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయమున చదువుచున్నాము. ఫరో తాను పెద్దవాడగుటకు తనవారిని చిన్నవారిని చేసెను. క్రీస్తు మనలను ఎత్తుకొనుటకు తాను వంగెను. వంగనివాడు బిడ్డను ఎత్తలేడు.

మన యిండ్ల గోడలు

ఇంతవరకు ఫరోనుగూర్చి మాటలాడితిని. అది సులభము. ఇప్పుడు నన్నుగూర్చి చెప్పవలెను.

చాల ఏండ్ల క్రిందట ఒక శనివారపు సాయంకాలము నా చిన్నకుమార్తె పలకమీద మా యింటి బొమ్మ గీచి తెచ్చి నాకు చూపెను. అందులో నేను ఇంటికప్పు అంత ఎత్తున కూర్చుండి చేతిలో పుస్తకము పట్టుకొనియున్నాను. వాళ్లమ్మ మూలను పొయ్యియొద్ద, అన్నపుగిన్నె అంతయున్నది. నేను నవ్వి, "మరి నువ్వేవమ్మా?" అని అడిగితిని. "నేను లేను నాన్నా. మీరు ప్రసంగం రాసుకుంటున్నారు కదా. అప్పుడు నేను లోపలికి రాకూడదు" అని ఆ బిడ్డ చెప్పెను. నిష్ఠూరముగా చెప్పలేదు. వాన కురియుచున్నదని చెప్పినట్లు చెప్పెను.

మరుసటి దినమున దేనిమీద ప్రసంగించితినో నాకిప్పుడు జ్ఞాపకము లేదు. ఆ మాట మాత్రము జ్ఞాపకమున్నది. ఆమెకు ఇప్పుడు పెండ్లియై బిడ్డలున్నారు. అడిగితిని, ఆ పలకబొమ్మ తనకు జ్ఞాపకము లేదనెను. పలక ఆ రాత్రియే తుడిచివేయబడి యుండును. నా మనస్సులోనిది తుడుపుడుపడలేదు. ఐగుప్తు శిల్పికి కూలి యిచ్చి ఎవడో ఫరో చెక్కించుకొన్న బొమ్మను, నా బిడ్డ కూలి లేకుండనే నాకు గీచి యిచ్చెను.

అన్నలారా, అయ్యలారా, మీ యింటి బిడ్డ చేతికి పలక యిచ్చినయెడల మీ బొమ్మ ఎంత పెద్దదిగా వచ్చును? మీరు ఇంటికి వచ్చు చప్పుడు విని బిడ్డలు ఎదురు పరుగెత్తుదురా, మాటలు ఆపి మూలకు చేరుదురా? మీ భార్య మీతో కలిసి భోజనమునకు కూర్చుండునా, మీ విస్తరి ఎత్తిన తరువాత మిగిలినది తినునా? మిమ్మును కని పెంచిన తల్లి ఇప్పుడు మీ యింటిలో ఏ గదిలో, ఎవరి మోకాలియొద్ద యున్నది?

మన సంఘములోను ఈ కొలత లేదా? దేవాలయపు గోడమీద దాతల పేర్లు చెక్కిన పాలరాళ్లు ఉన్నవి. ఇచ్చినవారిని గౌరవించుట తప్పు కాదు. అయితే తెల్లవారకముందే వచ్చి నేల ఊడ్చు ముసలమ్మ పేరు మన పెద్దలలో ఎందరికి తెలియును? ఆదివారపు బడిలో ఇరువది యేండ్లు చిన్నబిడ్డలకు వాక్యము చెప్పిన ఉపాధ్యాయురాలిని ఎన్నడైన లేపి నిలువబెట్టితిమా? మనము ఏ లెక్కన రాళ్లు చెక్కించుచున్నాము? ఫరో లెక్కననా, షిఫ్రా పూయాల పేర్లు వ్రాయించిన దేవుని లెక్కననా?

సహోదరీలారా, మీలో కొందరు ఇంతకాలము ఎవరి మోకాలియొద్దనో నిలిచియున్నారు. అదే మీ కొలతయని మీకు చెప్పబడెను. అది మీ కొలత కాదు. మీరు ఏడ్చిన బిడ్డను ఎత్తుకొన్న ప్రతిసారి దేవుడు చూచెను. మీ పేరు ఆయనకు తెలియును.

అఖెనాతెన్ రాతిపలకమీది సూర్యకిరణములకు చేతులున్నవని చెప్పితిని. ఆ చేతులు రాజునకును రాణికిని మాత్రమే జీవమును చాచెను. యెషయా గ్రంథము 49వ అధ్యాయములో వేరొక చేతులు కలవు. తల్లి తన పసిబిడ్డను మరచినను తాను మరువననియు, తన జనులను తన అరచేతులలోనే చెక్కుకొంటిననియు ప్రభువు అక్కడ చెప్పుచున్నాడు. లోకపు రాజు తన బొమ్మను ఇతరులచేత కొండమీద చెక్కించుకొనెను. మన రాజు మన పేర్లను తన చేతులమీద చెక్కుకొనెను. తోమా చూచినవి ఆ చేతులే. ఆ రాత చెక్కుటకు వాడబడినది ఉలి కాదు, మేకు.

ఈ నెలలో ఒక్క పని చేయుడి. ఒక సాయంకాలము మీ కుర్చీనుండి దిగి నేలమీద కూర్చుండి, మీ యింటిలో మిక్కిలి చిన్నవారిని దగ్గరకు పిలిచి, వారు చెప్పునది చివరవరకు వినుడి. బిడ్డలు లేనివారు పొరుగు బిడ్డను పిలువుడి. కపెర్నహూములోని ఆ యింట ప్రభువు చెప్పినదాని సారమిది: అట్టి బిడ్డను ఆయన నామమున చేర్చుకొన్నవాడు ఆయననే చేర్చుకొనును.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మేము పెద్దవారమగుటకు చిన్నవారిని చేసినవారందరినిబట్టి మమ్మును క్షమించుము. మా యిండ్లలో మూలనున్నవారిని నడుమకు తెచ్చుటకు మాకు మనస్సిమ్ము. బిడ్డలను పోగొట్టుకొన్నవారిని ఆదరించుము. నీ అరచేతులలో మాకున్న చోటు మాకు చాలునని నేర్పుము. క్రీస్తుయేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.